రాయని ఇరవై ఆరు నిమిషాలు

చలిమామ అసలు పేరు హాజరుపట్టీ రాసే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. మూతపడిన గని అడుగున, నేలకు రెండు కిలోమీటర్ల లోతున ఉన్న ప్రయోగశాలలో ఆయన పని మూడు టన్నుల ఆర్గాన్ వాయువును మైనస్ నూట ఎనభై ఆరు డిగ్రీల దగ్గర ద్రవంగా నిలబెట్టడం. కాస్త వేడెక్కితే మరిగి ఆవిరైపోతుంది. నాలుగు డిగ్రీలు పడిపోతే గడ్డకట్టుకుపోతుంది. ఆ రెంటి మధ్యా దాన్ని చంటిపిల్లను సాకినట్టు పన్నెండేళ్ళుగా సాకుతున్నాడు. చందమామకు ప్రాస కలిపి ఎవరో సరదాగా చలిమామ అన్నారు, అదే స్థిరపడిపోయింది.

అంతకుముందు ఆయన అదే గనిలో పంపుల ఫిట్టరు. ఖనిజం అయిపోయి గని మూసేసినప్పుడు తోటివాళ్ళంతా తలో దారి పట్టారు. ఈయన మాత్రం ఖాళీ సొరంగాల్లోకి శాస్త్రవేత్తలు దిగుతున్నారని విని, గొట్టాలూ వాల్వులూ ఎక్కడైనా ఒకటే కదా అని వెళ్ళి అడిగాడు. చేర్చుకున్నారు.

కొత్తలో భార్యకు తన ఉద్యోగం గురించి చెప్పడానికి నానా తంటాలూ పడ్డాడు. ఆవిడ వీధి వైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. డార్క్ మ్యాటర్ అన్న మాట వినగానే తొక్కడం ఆపి తలెత్తింది.

"అంటే ఏదో చీకటి వ్యవహారమా?"

"అదేం కాదు. ఆకాశంలో నక్షత్రాల గుంపులు తిరిగే తీరు చూస్తే, కనపడే వాటి బరువు చాలదట. కనపడని బరువేదో ఇంకా బోలెడు ఉందట. అది మనలోంచి కూడా దూసుకుపోతూనే ఉంటుందట, దేనికీ తగలకుండా. ఎప్పుడో ఏడాదికో రెండేళ్ళకో ఒక్క రేణువైనా మా ఆర్గాన్‌లో ఒక అణువుకు తగలకపోతుందా అని చూస్తున్నాం."

"తగిలితే?"

"చిన్న వెలుగొస్తుంది."

"తగలకపోతే?"

"కాచుక్కూచోవడమే."

"బాగుంది. మీకు తగ్గ ఉద్యోగమే" అని ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అలా కాచుక్కూర్చున్న వాళ్ళలో అందరికన్నా పెద్దావిడ ప్రొఫెసరుగారు. ఆమె ఈ వేట మొదలుపెట్టి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఇది ఆమె కట్టించిన నాలుగో యంత్రం. మొదటి మూడింటిలోనూ ఏమీ దొరకలేదు. ప్రతిసారీ "ఇంతకన్నా బలంగా తగిలే రేణువైతే లేదు" అని తేల్చి, ఆ మాటే అచ్చువేయించి, ఇంకా పెద్ద యంత్రానికి బొమ్మ గీయడం మొదలుపెట్టేది. రోజూ ఉదయం ఏడింటి లిఫ్టులో ప్రయోగశాల కుర్రాళ్ళతో సమానంగా బూట్లూ హెల్మెట్టూ వేసుకుని దిగేది. అడుగున స్నానం చేసి, దుమ్ములేని బట్టలు తొడుక్కుని లోపలికి వచ్చాక, మొట్టమొదట చలిమామ బల్ల దగ్గరే ఆగేది.

"ఎలా ఉంది?"

"చల్లగా ఉందండి."

ఈ రెండు మాటలూ అయ్యాకే మిగతా పనులు. ఆమె ఉద్యోగ విరమణకు ఇక నాలుగు నెలలే ఉంది.

యంత్రం చూడడానికి వింతగా ఉండదు. పెద్ద నీళ్ళ తొట్టి మధ్య ఉక్కు డొల్ల, దానిలోపల గాజులా పారదర్శకమైన గోళం, అందులో ఆర్గాన్. గోళం చుట్టూ రెండు వందల యాభై ట్యూబులు లోపలికి చూస్తూ ఉంటాయి. చీమ తలంత వెలుగు వచ్చినా పట్టేస్తాయి. గోళం పైన కూజాకు ఉన్నట్టు ఒక మెడ. ఆవిరైన ఆర్గాన్ ఆ మెడలోకి ఎగసి, అక్కడి చల్లని గొట్టపు చుట్ట తగిలి, మళ్ళీ బొట్లుబొట్లుగా కిందికి దిగుతుంది. ఆ చుట్టలోకి అతిచల్లని నత్రజని వదిలే వాల్వు చలిమామ చేతిలో ఉంటుంది.

ట్యూబులు పట్టిన వెలుగుల్ని వడపోసే ఆవిడను అందరూ లెక్కలమ్మ అంటారు. నలభై ఏళ్ళ మనిషి, మితభాషి, తప్పు లెక్క కనపడితే మాత్రం ఎంతటివాళ్ళనైనా నిలబెట్టి కడిగేస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఆవిడ చెప్పే తీరు చలిమామకు ఇష్టం.

"ఆర్గాన్‌లో సెకనుకు వేలకొద్దీ వెలుగులు వస్తాయి. అవన్నీ దాని సొంత గొడవ. గంట కొడితే కాసేపు మోగుతూ ఉంటుంది చూడండి, అలా నెమ్మదిగా ఆరుతాయి. మాకు కావలసింది చప్పట్లాంటిది. ఠప్పున వచ్చి ఠప్పున ఆగిపోవాలి."

చప్పట్లాంటి వెలుగుల్ని కంప్యూటరులో విడిగా వేసి మూసిపెట్టే పెట్టెను మూడేళ్ళపాటు ఎవరూ తెరిచి చూడకూడదని నియమం. చూస్తే మనసు ఊరుకోదు. కావలసినదాన్ని ఉంచి అక్కర్లేనిదాన్ని తోసేస్తుంది. అందుకని ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చే జల్లెడను ముందుగా తయారుచేసుకుని, ఇక దాన్ని ముట్టుకోమని ఒట్టేసుకుని, అప్పుడు తెరుస్తారు.

ఆ రోజు రానే వచ్చింది. ఉదయం పది గంటలకు అడుగు అంతస్తులోని సమావేశపు గదిలో పదిహేడు మంది చేరారు. కుర్చీలు చాలక చలిమామ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. లెక్కలమ్మ మీట నొక్కింది. తెర మీద ఖాళీ చతురస్రం కనపడింది. దాని మధ్యలో ఒకే ఒక్క చుక్క.

రేణువుతో సంబంధం లేని దొంగ వెలుగులు మూడేళ్ళకూ కలిపి సగటున మహా అయితే సగం చుక్క రావచ్చని లెక్కలమ్మ ముందే లెక్కగట్టి పెట్టింది. ఒక్కటి వస్తే గొప్పగా చెప్పుకోవడానికి లేదు, అలాగని కొట్టిపారేయడానికీ లేదు. ప్రొఫెసరుగారు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వెళ్ళి, చుక్క మీద వేలు పెట్టి, అలాగే నిలబడిపోయింది. ఆమె భుజాలు చిన్నగా కదలడం చలిమామ చూశాడు.

"తేదీ వేయమ్మా" అంది వెనక్కి తిరక్కుండానే.

లెక్కలమ్మ తేదీ, సమయం తెర మీదికి తెచ్చింది. రెండేళ్ళ కిందటి తేదీ. ఉదయం పదకొండు గంటల నలభై ఒకటి.

అందరూ ఒక్కసారిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చలిమామకు మాత్రం చెవుల్లో ఏదీ పడలేదు. ఆ తేదీ ఆయనకు నోటికి వచ్చు. అది తన మనవరాలు పుట్టిన రోజు.

ఆ రోజు కూతురికి నొప్పులు మొదలై అప్పటికి పదహారు గంటలు. అడుగున ఫోను ఉన్నది ఒక్క భోజనాల గదిలోనే. చలిమామ బల్లకు అది మూడు తలుపుల అవతల. పదకొండూ ఇరవై నాలుగుకు అల్లుడు ఫోను చేశాడని ఎవరో వచ్చి చెప్పారు. బల్ల విడిచి వెళ్ళకూడదన్నది మొదటి నియమం. వెళ్ళాల్సి వస్తే పైనుంచి మనిషిని పిలిపించి, ఆ సంగతి లాగ్ పుస్తకంలో రాసి వెళ్ళాలి. మనిషి దిగాలంటే అరగంట. రెండు నిమిషాల్లో వచ్చేద్దామని వెళ్ళాడు.

"బిడ్డ అడ్డం తిరిగిందట మామయ్యా, ఆపరేషను చేస్తున్నారు. ఫోను పెట్టకండి" అన్నాడు అల్లుడు. చలిమామ ఫోను పెట్టలేదు. చాలాసేపటికి దూరంగా ఏడుపు వినిపించింది. పిల్లా పిల్లాడా అని కూడా అడగకుండా గోడకు తల ఆనించి నిలబడ్డాడు.

తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఎర్రదీపం వెలుగుతోంది. నత్రజని వాల్వు ఇరుక్కుపోయి మూసుకుంది. ఆర్గాన్ వేడెక్కి, పీడనం చూపే ముల్లు ఎర్రగీత దాటింది. స్పానరు పిడితో వాల్వును రెండు తట్లు తట్టాడు, తెరుచుకుంది. పన్నెండు నిమిషాల్లో ముల్లు మళ్ళీ తన చోటికి వచ్చింది. గడియారం చూసుకుంటే మొత్తం ఇరవై ఆరు నిమిషాలు. ఆ వారం పీడనం నమోదు చేసే కంప్యూటరు మారుస్తున్నారు. అన్నాళ్ళూ గంటకోసారి చేత్తో రాయడమే. చలిమామ పెన్ను తీసుకున్నాడు. చాలాసేపు పట్టుకుని, పన్నెండు గంటల వరసలో "అంతా సవ్యం" అని రాశాడు.

ఆ సంగతి ఆ తరవాత ఎప్పుడూ గుర్తు చేసుకోలేదు. గుర్తొచ్చినప్పుడల్లా వేరే ఏదో పని పెట్టుకున్నాడు.

పెట్టె తెరిచిన రోజు సాయంత్రం భార్యతో అంతా చెప్పాడు. ఆవిడ ఒళ్ళో ఉన్న చొక్కాకు కాజాలు కుడుతూ విన్నది.

"ఆ ఇరవై ఆరు నిమిషాల వల్లే ఆ వెలుగొచ్చిందని మీకు రూఢిగా తెలుసా?"

"తెలీదు. వాల్వు తెరవగానే ఒక్కసారిగా బొట్లు దిగి మెడ గోడలంతా తడిసి ఉంటుంది. దానివల్ల ఏమవుతుందో నాకు తెలీదు. వాళ్ళకు తెలుస్తుంది."

"అయితే తేల్చుకోవలసింది వాళ్ళే. మీరు నోరు విప్పితే మీ ఉద్యోగం పోతుంది, ఆ ప్రొఫెసరు తల్లి సంతోషమూ పోతుంది. ఇన్నాళ్ళకు ఒక్కటి దొరికిందని చెప్పారు కదా. ఇప్పుడు చెబితే ఎవరికి మంచిది?"

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. మర్నాడు చలిమామ ప్రొఫెసరుగారికి ఏమీ చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. అలా రెండు వారాలు దొర్లిపోయాయి.

ఆ రెండు వారాల్లో ప్రొఫెసరుగారి నడకే మారిపోయింది. మెట్లు రెండేసి ఎక్కుతోందని లిఫ్టు మనుషులు నవ్వుకున్నారు. ఆమె మాత్రం ఎక్కడా దొరికింది అనే మాట వాడలేదు. "ఒక్క చుక్క, అంతే" అనేది. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం వేరే సంగతి చెప్పేది. ప్రతి ఉదయం ఎలా ఉంది అని అడిగినప్పుడు చల్లగా ఉందండి అని చలిమామ ముల్లు వైపు చూస్తూ చెప్పేవాడు.

ఒకరోజు ఆమె రెండు కాగితాలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"అచ్చుకు పంపే వ్యాసం. చివరి పేరా చదవండి చలిమామగారూ. మీ పూర్తి పేరు సరిగ్గా రాశానో లేదో చూడండి."

చదివాడు. మూడేళ్ళూ ఆర్గాన్ చల్లదనంలో ఒక్క గంట కూడా లోపం రానివ్వని ఫలానా వారికి కృతజ్ఞతలు అని ఉంది. పేరు సరిగ్గానే ఉంది.

"పేరు సరే మేడం" అన్నాడు. "గంట మాటే సరికాదు."

ఆమె నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగింది. చలిమామ లేచి నిలబడే చెప్పాడు. ఫోను సంగతి, వాల్వు సంగతి, స్పానరు, ఇరవై ఆరు నిమిషాలు, అంతా సవ్యం అని రాసిన వరస. పాత లాగ్ పుస్తకం తీసి ఆ పేజీ చూపించాడు. అంతా విన్నాక ఆమె ప్రశ్నలు వేసింది.

"ముల్లు ఎంతదాకా పోయింది?"

చెప్పాడు.

"దిగడం ఒక్కసారిగా దిగిందా, మెల్లగానా?"

"మొదట ఒక్కసారిగా. తరవాత మెల్లగా."

"మీరు బల్ల దగ్గరికి వచ్చింది ఎన్నింటికి?"

"పదకొండూ ముప్ఫై ఎనిమిదికండి. వెంటనే వాల్వు తెరిచాను. మొత్తం సర్దుకునేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది."

చుక్క పడిన పదకొండు నలభై ఒకటి ఆ మధ్యనే ఉంది. ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుంది.

"బల్ల విడిచి వెళ్ళినందుకు నాకు కోపం లేదు. నేనైనా వెళ్ళేదాన్నే. ఒక్క వరస రాయడానికి ఎంతసేపు పడుతుంది? రెండేళ్ళు రోజూ నన్ను చూస్తూనే ఉన్నారు" అంది. గొంతు పెంచలేదు. కాగితాలు తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గంటసేపు ఎవరూ ఆ తలుపు తట్టలేదు.

మధ్యాహ్నం ముగ్గురూ కూర్చున్నారు. లెక్కలమ్మ విని తల పట్టుకుంది.

"మెడ గోడల మీద ఎక్కడో ఓ మూల అతికొద్దిగా రేడియోధార్మికత ఉంటుంది. గోడ పొడిగా ఉన్నంతసేపూ దాంతో బెడద లేదు. ఆర్గాన్ తడిపొర పడితే మాత్రం చప్పట్లాంటి పెద్ద వెలుగొస్తుంది. కానీ అది మెడలో కదా. పక్క గదిలో దీపం పెడితే తలుపు సందులోంచి ఎంత పడుతుందో అంతే గోళంలోకి దిగుతుంది. మన ట్యూబులకు అది అచ్చం మనం వెతికే చిన్న వెలుగులా కనపడుతుంది. కనపడవచ్చు. వచ్చిందని నేను అనలేను."

"అయితే ఆ చుక్క తీసేద్దామా?" అన్నాడు చలిమామ.

"అదెలా తీసేస్తాను మామా? పెట్టె తెరిచాక జల్లెడ ముట్టుకోమని ఒట్టేసుకున్నాం. మీకు గుర్తున్నది మీరు చెప్పారు, నమ్ముతాను. కానీ మనిషి జ్ఞాపకం కొలత కాదు. రేపు ఇంకొకరు వచ్చి ఇంకో చుక్క గురించి ఇంకో కథ చెబితే?"

చివరికి చలిమామే అన్నాడు: "మళ్ళీ చేసి చూస్తే పోలా? అలాగే వాల్వు మూసేసి, అంతసేపే ఉంచి, అలాగే తెరుద్దాం. వస్తే వస్తుంది, లేకపోతే లేదు."

లెక్కలమ్మ ప్రొఫెసరుగారి వైపు చూసింది. ఒకసారి చల్లదనం కదిలిస్తే, ముల్లు త్వరగా దిగినా మెడ గోడలు పూర్తిగా ఆరడానికి ఒక పూట పడుతుంది. నమ్మకంగా చెప్పాలంటే నలభైసార్లయినా చేయాలి. ప్రొఫెసరుగారికి మిగిలిన రోజులన్నీ దానికే సరిపోతాయి.

"రేపటి నుంచి మొదలుపెట్టండి" అంది ఆమె.

మొదటి రోజు చలిమామ వాల్వు మూశాడు. పన్నెండేళ్ళుగా ఏది జరక్కూడదని కాపు కాశాడో దాన్నే ఇప్పుడు గడియారం చూసుకుని మరీ చేయాలి. ముల్లు గీత దాటింది. తరవాత తెరిచాడు. లెక్కలమ్మ తెర చూసి తల అడ్డంగా ఊపింది. రెండోసారీ అంతే. పదోసారీ, పదకొండోసారీ ఏమీ రాలేదు.

ఆ రోజుల్లో చలిమామ తన మనసును పట్టుకోలేకపోయాడు. వెలుగు రాకపోతే ఆ చుక్క నిజమైనదే కావచ్చు. ప్రొఫెసరుగారి ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఫలించినట్టే, తన తప్పు కూడా ఎవరికీ నష్టం చేయని ఉత్త తప్పుగానే మిగిలిపోతుంది. రాకూడదు రాకూడదు అని లోపల జపం చేస్తున్నట్టు ఒకరోజు తనకే తెలిసింది. ఆ రోజు గడియారం పక్కన పెన్ను పట్టుకుని నిమిషానికోసారి ముల్లు ఎక్కడుందో రాశాడు. మర్నాడూ అలాగే రాశాడు. ఇక కోరుకోవడం మానేసి రాయడమే పనిగా పెట్టుకున్నాడు.

పందొమ్మిదోసారి వాల్వు తెరిచిన నాలుగు నిమిషాలకు లెక్కలమ్మ "వచ్చింది" అంది. ముగ్గురూ తెర ముందు గుమిగూడారు. పాత వెలుగునూ కొత్త వెలుగునూ పక్కపక్కన పెట్టింది. అడుగు ట్యూబులు వెలిగి, పైవరస ట్యూబులు చీకటిగా ఉన్నాయి, రెంటిలోనూ ఒకే తీరు, పైనున్న మెడలోంచి కిందికి పడిన వెలుగులా. ఒక్కటి కాకతాళీయం కావచ్చని లెక్కలమ్మే అంది. ఇరవై ఏడోసారి ఇంకొకటి వచ్చింది. ముప్ఫై ఆరోసారి మూడోది. వాల్వు ముట్టుకోని రోజుల్లో ఒక్కటీ రాలేదు.

"అయితే అది మెడలోదే" అంది ప్రొఫెసరుగారు. లాగ్ పుస్తకం దగ్గరికి లాక్కుని, ఆ రోజు తేదీ కింద తన చేత్తోనే ఆ మాట రాసి, సంతకం పెట్టింది.

ఆ పూట పైకి వెళ్ళే లిఫ్టులో ఇద్దరే ఉన్నారు. రెండు కిలోమీటర్లు ఎక్కడానికి ఆరు నిమిషాలు. సగం దారిలో ఆమె అంది:

"ఒక సంగతి చెప్పనా? తెర మీద చుక్క చూసిన రోజే నేను ట్యూబుల బొమ్మ కూడా చూశాను. పైవరస చీకటిగా ఉందని అప్పుడే కనపడింది. ఏమిటిది అనుకున్నాను. తరవాత చూద్దాంలే అనుకుని ఇక చూడలేదు."

చలిమామ ఆమె వైపు తిరిగాడు. హెల్మెట్టు దీపం ఆమె ముఖం మీద పడేసరికి, కళ్ళు చెదరకుండా తల కిందికి దించుకున్నాడు.

"మీరు చెప్పకపోతే నేను ఎప్పటికైనా చెప్పేదాన్నో లేదో నాకే తెలీదు" అంది. "మిమ్మల్ని అన్న మాటలు ఆ గంటసేపూ నన్ను నేను అనుకున్నవే."

"బాధగా లేదా మేడం?"

"ఎందుకుండదు? రెండు వారాలు మహా సంతోషంగా ఉన్నాను. అంత సంతోషం పోతే ఎవరికైనా బాధే." ఆమే మళ్ళీ అంది: "కానీ లేనిదాన్ని ఉందని చెప్పి వెళ్ళిపోతే, నా తరవాత వాళ్ళు దానికోసం ఇంకో ముప్ఫై ఏళ్ళు తవ్వేవాళ్ళు."

లిఫ్టు ఆగింది. బయట ఎండగా ఉంది. ఇద్దరూ బూట్లు విప్పుకోవడానికి ఒకే బల్ల మీద కూర్చున్నారు.

వ్యాసం అచ్చయింది. అందులో ఆ చుక్కను తీసేయలేదు. ఒకటి దొరికిందనీ, అది ఎలా వచ్చిందో కనిపెట్టామనీ, వెతుకుతున్న రేణువు మాత్రం కనపడలేదనీ రాశారు. వాల్వు కథకు ఒక పేజీ ప్రత్యేకంగా ఇచ్చారు. కృతజ్ఞతల పేరాలోంచి ఒక్క గంట కూడా లోపం రానివ్వని అన్న మాట చలిమామ కొట్టేయించాడు. బల్ల విడిచి వెళ్ళి రాయనందుకు ఆయనకు లిఖితపూర్వకంగా హెచ్చరిక వచ్చింది. ఆరు నెలలు ఒంటరిగా బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. ఆ తరవాత ఎవరినీ ఒంటరిగా కూర్చోబెట్టకూడదని నియమమే మార్చి, బల్ల పక్కకు ఫోను కూడా తెచ్చి పెట్టారు. ఉద్యోగం పోనందుకు భార్య ఊపిరి పీల్చుకుంది గానీ, "నా మాట వినుంటే ఇంత దూరం వచ్చేది కాదు" అని అప్పుడప్పుడూ సాధిస్తూనే ఉండేది. చలిమామ కాదనేవాడు కాదు.

ప్రొఫెసరుగారు అనుకున్న రోజుకే పదవి దిగిపోయింది. ఆమె స్థానంలో లెక్కలమ్మ వచ్చింది. ఏడాది తిరక్కముందే ఇరవై టన్నుల కొత్త యంత్రానికి బొమ్మలు గీయడం మొదలైంది. మొదటి బొమ్మ గోడకు అంటించిన రోజు లెక్కలమ్మ చలిమామను పిలిపించింది. ఈసారి ఆయనకు కుర్చీ వేశారు.

"మెడ లేకుండా గీశాం మామా. ఆవిరిని పక్క గొట్టంలోంచి బయటికి తీసి, చల్లబరిచి మళ్ళీ లోపలికి పంపుతాం. ఇంకెక్కడైనా తడి నిలుస్తుందేమో చూసి చెప్పండి."

చలిమామ లేచి బొమ్మ దగ్గరికి వెళ్ళి, గొట్టం పొడుగునా వేలు నడిపిస్తూ చాలాసేపు చూశాడు. ఒక వంపు దగ్గర ఆగాడు.

"ఇక్కడ" అన్నాడు. "ఈ వంపులో బొట్టు ఆగుతుంది. వాల్వు బాగున్నంతసేపూ ఆగదు. ఇరుక్కున్న రోజున ఆగుతుంది."

లెక్కలమ్మ పెన్సిలు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన ఆ వంపును కొట్టేసి, గొట్టాన్ని బారుగా కిందికి దించుతూ కొత్త గీత గీశాడు.